చదువుకీ ఆటకీ ఒకటే టైం టేబుల్: మినసోటా మోరిస్ కాలేజీని ఎలా చూడాలి

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో పదకొండో తరగతో పన్నెండో తరగతో చదివే పిల్లలున్నారు. కొందరి అక్కచెల్లెళ్ళ పిల్లలు హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంటర్ చదువుతూ ఇటువైపు చూస్తున్నారు. కాలేజీల జాబితాలు మీ ఫోన్లలో బోలెడు ఉంటాయి, అందుకని ఇవాళ జాబితా చదవను. ఒకే ఒక్క కాలేజీ తీసుకుని దాని లోపలికి వెళదాం. అది అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ మినసోటా వారి మోరిస్ క్యాంపస్, ఒక లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. మినియాపాలిస్ నుంచి పడమటి దిక్కుగా కారులో దాదాపు మూడు గంటలు. అయిదు వేల జనాభా ఉన్న ఊరు, చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. కాలేజీలో విద్యార్థులు అటూఇటుగా వెయ్యి మంది.

పేరు దగ్గరే మనవాళ్ళకు మొదటి చిక్కు వస్తుంది. లిబరల్ ఆర్ట్స్ అనగానే సీఈసీ, హెచ్‌ఈసీ గుర్తొచ్చి "మావాడిది సైన్సు అండీ" అంటారు. అది ఆర్ట్స్ గ్రూపు కాదు. కంప్యూటర్ సైన్సు చేసేవాడు ఒక పరభాషా, చరిత్రో తత్వశాస్త్రమో, ఒక కళా నేర్చుకోవాలి. సంగీతం చేసే అమ్మాయి ల్యాబులో నిలబడాలి. మోరిస్‌లో విద్య, మానవీయ శాస్త్రాలు, సామాజిక శాస్త్రాలు, సైన్సు-గణితం అని నాలుగు విభాగాలున్నాయి. స్టాటిస్టిక్స్ ఇక్కడ విడిగా ఒక మేజర్, అంటే డిగ్రీ చేసే ప్రధాన విషయం. ఇంజనీరింగ్ డిగ్రీ మాత్రం లేదు. ప్రీ-ఇంజనీరింగ్ కోర్సులు చేసి వేరే చోటికి మారాలి. ఇంజనీరింగే కావాలని తేల్చుకున్న పిల్లలు ఈ సంగతి చేరకముందే తెలుసుకోవాలి.

అమెరికాలో ఇలాంటి చిన్న కాలేజీలు ఎక్కువగా ప్రైవేటువి. ప్రభుత్వ డబ్బుతో నడిచేవి కొద్ది. వాటిలో కొన్ని కలిసి 1987లో కౌన్సిల్ ఆఫ్ పబ్లిక్ లిబరల్ ఆర్ట్స్ కాలేజెస్ అనే సంఘం పెట్టుకున్నాయి. అందులో ఉన్నవి ముప్ఫై దాకా, మోరిస్ వాటిలో ఒకటి.

ఈ నేల చరిత్ర చెప్పకుండా ముందుకు వెళ్ళడం న్యాయం కాదు. 1887లో సిస్టర్స్ ఆఫ్ మెర్సీ సన్యాసినులు ఇక్కడ అమెరికా ఆదివాసీ పిల్లల కోసం బోర్డింగ్ స్కూలు పెట్టారు. తర్వాత దాన్ని ఫెడరల్ ప్రభుత్వం నడిపింది. ఆ కాలపు ఇలాంటి బడులు పిల్లల్ని తల్లిదండ్రుల నుంచీ, సొంత భాష నుంచీ దూరం చేయడానికే పుట్టాయి. 1909లో స్కూలు మూసి, స్థలాన్ని మినసోటా రాష్ట్రానికి అప్పగించేటప్పుడు ఒక షరతు పెట్టారు: ఇక్కడ నడిచే విద్యాసంస్థలో ఆదివాసీ విద్యార్థులను ఫీజు లేకుండా, తెల్లవాళ్ళతో సమానంగా చేర్చుకోవాలి. ఆ తర్వాత వ్యవసాయ పాఠశాల నడిచింది. 1960లో యూనివర్సిటీ క్యాంపస్ వచ్చింది. షరతు మాత్రం చెక్కుచెదరలేదు, ఈనాటికీ ఆదివాసీ విద్యార్థులకు ట్యూషన్, అంటే చదువు ఫీజు, మాఫీ. క్లాసులో నాలుగో వంతుకు పైగా వాళ్ళే ఉంటారు. 1899లో కట్టిన అబ్బాయిల హాస్టలు ఒక్కటే ఆ బోర్డింగ్ స్కూలు నాటి కట్టడాల్లో మిగిలింది. క్యాంపస్ చూడ్డానికి వెళితే దాని ముందు కాసేపు ఆగండి. ఏ నేల మీద చదవబోతున్నామో పిల్లలకు తెలియాలి.

ఇక చదువు. డిగ్రీకి 120 క్రెడిట్లు. ఎనిమిది సెమిస్టర్లకు పంచితే సెమిస్టరుకు 15. కోర్సులు చాలావరకు 4 క్రెడిట్లవి కాబట్టి మామూలుగా నాలుగు కోర్సులు, 16 క్రెడిట్లు పడతాయి. యూనివర్సిటీ లెక్క ప్రకారం ఒక్కో క్రెడిట్‌కు వారానికి 3 గంటల పని, క్లాసూ ఇంటిపనీ కలిపి. అంటే 16 క్రెడిట్లకు 48 గంటలు. ఈ అంకె కాగితం మీద రాసుకోండి, ఆటల దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ కావాలి.

వెయ్యి మంది కాలేజీలో సుఖం ఏమిటంటే పాఠం చెప్పేది ప్రొఫెసరే. పీజీ విద్యార్థులు లేరు కాబట్టి రీసెర్చిలో సాయం కావాలంటే రెండో సంవత్సరం పిల్లల్నే పిలుస్తారు. కష్టం ఏమిటంటే చాలా కోర్సులు ఏడాదికి ఒకసారే ఉంటాయి. పైస్థాయి కోర్సులు కొన్ని రెండేళ్ళకోసారి వస్తాయి. పిల్లలు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. జనరల్ కెమిస్ట్రీ మొదటి భాగం ఆగస్టు చివర మొదలవుతుంది. అందులో తప్పితే జనవరిలో రెండో భాగానికి దారి లేదు, మళ్ళీ ఆగస్టు దాకా ఆగాలి. దాని వెనక ఆర్గానిక్ కెమిస్ట్రీ ఆగుతుంది, ఆర్గానిక్ వెనక బయోకెమిస్ట్రీ. మెడిసిన్‌కు వెళ్ళాలనుకునే పిల్లకు ఒక్క కోర్సు పోతే ఏడాది జరిగిపోతుంది. పెద్ద యూనివర్సిటీలో అదే కోర్సు వేసవిలోనో, పక్క సెమిస్టర్లోనో దొరుకుతుంది. అందుకని మొదటి సెమిస్టర్లోనే అడ్వైజర్ దగ్గర కూర్చుని, ఏ కోర్సు ఏ ఏడాది వస్తుందో రెండేళ్ళ పట్టిక తీసుకోవాలి. నాలుగేళ్ళ ప్లాను వెనక నుంచి ముందుకు వేయాలి. ఆఖరి ఏడాది సెమినార్‌కు ఏం కావాలి, దానికి ముందు ఏం కావాలి, అలా.

ఆ ఆఖరి సెమినార్ అంటే ఏమిటో కంప్యూటర్ సైన్సు నుంచి ఒక ఉదాహరణ చెబుతాను, మన పిల్లలు ఎక్కువగా వెళ్ళేది అటే కనుక. విద్యార్థి ఒక అంశం ఎంచుకుని, దాని మీద వచ్చిన పరిశోధన పత్రాలు చదువుతాడు. నిజమైన సదస్సులకు పంపే ఫార్మాట్‌లో పేపరు రాస్తాడు. ప్రొఫెసర్ల దిద్దుబాట్లు తీసుకుని తిరగరాస్తాడు. చివరికి బయటివాళ్ళు కూడా వచ్చే సభలో నిలబడి చెప్పి, ప్రశ్నలకు జవాబిస్తాడు. కోడింగ్ బాగా వచ్చిన పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు. ప్రోగ్రాం రాయడం వేరు, ఇంకొకరి అల్గారిథం ఎందుకు పనిచేస్తుందో నలుగురికి అర్థమయ్యేలా విప్పి చెప్పడం వేరు. చిన్నప్పటి నుంచి మార్కుల కోసం చదివిన పిల్లలకు ఇది కొత్త పని. లిబరల్ ఆర్ట్స్‌లో భాషా కోర్సులూ రాత కోర్సులూ ఎందుకు పెట్టారో ఈ సెమిస్టర్లో బోధపడుతుంది.

క్యాంపస్ పక్కనే యూనివర్సిటీ వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడ 2005లో 1.65 మెగావాట్ల గాలిమర నిలబెట్టారు, 2011లో రెండోది వచ్చింది. 2013 నుంచి ఆ గాలి కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తున్నారు. దాన్ని గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియా చేస్తున్నారు. యూరియా బస్తా కోసం క్యూలో నిలబడ్డ ఇళ్ళ నుంచి వచ్చిన మనకు ఇది చిన్న విషయం కాదు. ఎరువు తయారీ సహజవాయువు మీద ఆధారపడనక్కర్లేదని ఒక చేను పక్కన చేసి చూపిస్తున్నారు.

ఇక ఆటలు. మోరిస్ జట్ల పేరు కౌగర్స్. అమెరికా కాలేజీ ఆటల సంఘమైన ఎన్‌సీఏఏ మూడో డివిజన్‌లో, అప్పర్ మిడ్‌వెస్ట్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్‌లో ఆడతాయి. మూడో డివిజన్ అనగానే నాసిరకం అనుకోకండి. 1973లో ఎన్‌సీఏఏ మూడు డివిజన్లు చేసినప్పుడు ఈ మూడోదానికి వేరే సూత్రం పెట్టుకున్నారు: ఆట కోసం పైసా స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. మెరిట్ స్కాలర్‌షిప్, అవసరాన్ని బట్టి వచ్చే సాయం అందరితోపాటు ఆటగాళ్ళకూ వస్తాయి. ఆట బాగా ఆడతాడని ఒక డాలరు ఎక్కువ ఇవ్వడానికి వీల్లేదు. ఆటగాళ్ళకూ మిగతావాళ్ళకూ ఇచ్చిన సాయం వివరాలు కాలేజీలు ఎన్‌సీఏఏకి ఏటా పంపాలి. కాబట్టి "కోచ్ గారు స్కాలర్‌షిప్ ఇప్పిస్తారు" అని ఎవరైనా ఏజెంటు డబ్బడిగితే అది మోసమే.

మరి స్కాలర్‌షిప్ లేకపోతే చిన్న కాలేజీ ఇన్ని జట్లు ఎందుకు పోషిస్తుంది? లెక్క సూటిగా ఉంది. ఆడటానికి వచ్చే ప్రతి విద్యార్థీ ఫీజు కడతాడు, హాస్టల్లో ఉంటాడు. దేశం మొత్తం మీద చిన్న కాలేజీలు సీట్లు నింపుకోవడానికి కొత్త జట్లు పెడుతున్నాయి. ఇందులో తప్పేమీ లేదు, కానీ తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "పోయినేడు మొదటి సంవత్సరం ఎంతమందిని తీసుకున్నారు, వాళ్ళలో రెండో ఏడాదికి జట్టులో ఎంతమంది మిగిలారు, కాలేజీలో ఎంతమంది మిగిలారు?" మంచి కోచ్ ఈ అంకెలు తడుముకోకుండా చెబుతాడు. జట్టు వదిలేసినా కాలేజీలో ఉండిపోతున్నారంటే చదువు పట్టుకుందన్నమాట. రెండూ వదిలేస్తున్నారంటే పిల్లవాడు ఆట కోసమే వచ్చాడు, ఆట పోగానే వెళ్ళిపోయాడు.

మోరిస్ ఆటల చరిత్రలో రెండు సంగతులు చెప్పి తీరాలి. 1993లో దేశంలోనే మొట్టమొదటి మహిళా కుస్తీ వర్సిటీ జట్టు, అంటే కాలేజీ అధికారిక జట్టు, ఇక్కడే పుట్టింది. ఎన్‌సీఏఏ 2025లో మహిళా కుస్తీని ఛాంపియన్‌షిప్ క్రీడగా ఒప్పుకునేసరికి మూడు దశాబ్దాలు దాటిపోయింది. వెయ్యి రెండు వేల మంది ఉన్న పల్లెటూరి కాలేజీ ముందు నడిస్తే దేశం వెనకాల వచ్చింది. రెండోది అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. స్కాలర్‌షిప్‌లు ఇచ్చే రెండో డివిజన్ జట్లతో తలపడి వరుసగా 46 ఆటలు ఓడిపోయింది. 2003లో కాలేజీ మూడో డివిజన్‌కు మారింది. ఆ పిల్లల శ్రమలో లోపమేమీ లేదు, వాళ్ళను తూచిన తక్కెడే తప్పు. తనలాంటి కాలేజీలతో ఆడటం మొదలుపెట్టాక జట్టు మళ్ళీ గెలుపు చూసింది. 2006లో కట్టిన బిగ్ క్యాట్ స్టేడియంలో ఇప్పుడు కాలేజీ జట్టూ, ఊరి హైస్కూలు జట్టూ రెండూ ఆడతాయి.

ఇప్పుడు ఆ 48 గంటల కాగితం తీయండి. మూడో డివిజన్‌లో వారానికి ఇన్ని గంటలే ఆడాలన్న పరిమితి లేదు. సీజన్‌లో వారానికి ఒక రోజు సెలవు మాత్రం తప్పనిసరి. ప్రాక్టీసు రోజుకు రెండు గంటలు, బరువులు, వీడియో చూడటం, ప్రయాణం అన్నీ కలిపితే 18 నుంచి 20 గంటలు అవుతాయి. వెరసి 68 గంటలు. వారంలో నిద్ర తీసేస్తే మిగిలేవి 112. కుదురుతుంది, అయితే క్యాంపస్ ఉద్యోగం 10 గంటలకు మించకపోతేనే.

గొడవ వచ్చేది మధ్యాహ్నం ల్యాబు దగ్గర. కెమిస్ట్రీ ల్యాబు సాయంత్రం దాకా సాగుతుంది, ప్రాక్టీసు నాలుగింటికి మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ నాడే ఆ ల్యాబు ఏ రోజో చూసి కోచ్‌కు చెప్పాలి, సీజన్ మొదలయ్యాక కాదు. చెప్పిన పిల్లను మంచి కోచ్ ఆ రోజు ఆలస్యంగా రానిస్తాడు. శనివారం ఆట కోసం శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కేవాళ్ళు సెమిస్టర్ మొదటి వారంలోనే ప్రతి ప్రొఫెసర్‌కూ తేదీల కాగితం ఇవ్వాలి. జనవరిలో మైనస్ 25 డిగ్రీలు, మంచు తుపాను, మూసేసిన హైవేలు. వాయిదా పడ్డ ఆట పరీక్ష ముందు రోజుకు జరగడం ఇక్కడ మామూలే.

ఒక రూలు అందరూ గుర్తుంచుకోండి. ఆడాలంటే 12 క్రెడిట్లకు తగ్గకూడదు. కష్టంగా ఉందని అక్టోబరులో ఒక 4 క్రెడిట్ల కోర్సు వదిలేస్తే 16 కాస్తా 12 అవుతుంది, ఫరవాలేదు. కానీ మొదటే 14 తీసుకున్నవాడు వదిలితే 10కి పడతాడు. ఆ క్షణం నుంచే జట్టుకు అనర్హుడు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చిన పిల్లలకు వీసాకూ అదే 12. ఆన్‌లైన్ కోర్సు అందులో ఒక్కటే లెక్కకొస్తుంది. డ్రాప్ బటన్ నొక్కేముందు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్ళి తీరాలి. తల్లిదండ్రుల హెచ్-1బీ ఉద్యోగ వీసా వెంట వచ్చే హెచ్-4 మీద ఉన్న పిల్లలు క్యాంపస్‌లో కూడా ఉద్యోగం చేయకూడదు. ఇరవై ఒకటో ఏడు నిండేలోపు వీసా మార్చుకోవాలి, ఆ తేదీ నాలుగేళ్ళ ప్లానులో ముందే రాసిపెట్టుకోండి.

ఇన్సూరెన్సు గురించి మనవాళ్ళు అస్సలు అడగరు. ఆటలో గాయాలకు 90,000 డాలర్ల దాకా కవరేజీ ఉండాలని ఎన్‌సీఏఏ నియమం, ఆపైన వాళ్ళ పెద్ద పాలసీ మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా కొనే విద్యార్థి పాలసీల్లో చాలావాటిలో కాలేజీ ఆటల గాయాలు మినహాయింపు. చిన్న అక్షరాల్లో ఉన్న ఆ మినహాయింపుల పేజీ చదివాకే సంతకం పెట్టండి. తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే ఆ రోజుకు ఆట ముగిసినట్టే. లక్షణాలు తగ్గాక తిరిగి రావడం మెట్టు మెట్టుగా, ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. పిల్లవాడు "బాగానే ఉన్నా"నని దాస్తే ఫోనులో మీరైనా అడగండి: లైటు చూస్తే కళ్ళు గుంజుతున్నాయా, చదివింది గుర్తుంటోందా అని. ఈ సమయంలో పరీక్షలు కూడా వాయిదా వేయించుకోవచ్చని చాలామందికి తెలియదు.

మన పిల్లలు ఎక్కువగా ఆడే క్రికెట్, బ్యాడ్మింటన్ ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్ క్రీడల్లో లేవు. అవి క్లబ్బుగా ఆడుకోవాల్సిందే. నలుగురు కలిసి అడిగితే చిన్న కాలేజీలో క్లబ్బు పెట్టుకోవడం తేలికే.

ఫీజు సంగతి. మినసోటా నివాసులై, కుటుంబ ఆదాయం 80,000 డాలర్లలోపు ఉంటే నార్త్ స్టార్ ప్రామిస్ అనే రాష్ట్ర పథకం కింద 2024 నుంచి ట్యూషన్ కట్టనక్కర్లేదు. దానికి ఫాఫ్సా అనే ఫెడరల్ ఆర్థిక సాయం దరఖాస్తు నింపాలి. పక్కనున్న విస్కాన్సిన్, రెండు డకోటాల వాళ్ళకు రాష్ట్రాల మధ్య ఫీజు ఒప్పందం ఉంది.

క్యాంపస్ చూడటానికి అందరూ అక్టోబరులో వెళతారు, ఆకులు ఎర్రబడి ముచ్చటగా ఉంటుంది. ఫిబ్రవరిలో వెళ్ళండి. ఉదయం ఒక క్లాసులో కూర్చోండి, మధ్యాహ్నం ల్యాబు తలుపు దగ్గర నిలబడండి, సాయంత్రం జిమ్‌లో ప్రాక్టీసు చూడండి. ల్యాబు నుంచి జిమ్‌కు బ్యాగు భుజాన వేసుకుని మంచులో పరుగెత్తే పిల్లలు కొందరు కనిపిస్తారు. వాళ్ళలో ఒకరిని ఆపి, "నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, ఈ సెమిస్టర్లో ఏ కోర్సు వదులుకున్నావు?" అని మీ అబ్బాయి చేతే, మీ అమ్మాయి చేతే అడిగించండి.