మూడు రోజుల విడిదికి మేడిసనా, ఆన్ ఆర్బరా?

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఆదివారం మధ్యాహ్నపు కునుకు మానుకొని వచ్చిన మిత్రులందరికీ నమస్కారం. మన షికాగో పెద్దల బృందం వచ్చే సెప్టెంబరులో మూడు రోజులు ఎటైనా వెళ్ళి రావాలని తీర్మానించి, విస్కాన్సిన్‌లోని మేడిసన్, మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్ అనే రెండు విశ్వవిద్యాలయ పట్టణాలను ఎంచుకొని, రెండూ చూసినవాడినన్న కారణంగా తేల్చే పని నాకు అప్పగించింది. ఇచ్చిన పదిహేను నిమిషాలలో జ్యోతి ప్రజ్వలనకూ శాలువలకూ ఆరు నిమిషాలు పోయాయి కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను.

ఆన్ ఆర్బర్ ఇక్కడికి సుమారు 240 మైళ్ళు. షికాగో నుంచి నేరుగా రైలుంది; కారు నడపలేని మనవంటివారికి అది చిన్న సౌకర్యం కాదు. అయితే అక్కడి గడియారం మన కంటే గంట ముందుంటుంది కాబట్టి వెళ్ళేరోజు ఒక గంట చేజారుతుంది. హ్యూరాన్ నది ఒడ్డున నికల్స్ అర్బొరీటమ్ అనే వృక్షవనం ఉన్నది. రాకమ్ భవనమూ అక్కడే ఉన్నది. 1955 ఏప్రిల్ 12న, సాక్ కనిపెట్టిన పోలియో టీకా పనిచేస్తుందని ఆ భవనంలోనే లోకానికి ప్రకటించారు. అవనిగడ్డ బడిలో నా పక్కన కూర్చొని, ఇంటికి కాలు ఈడ్చుకుంటూ నడిచిన మిత్రుడు గుర్తుకు వచ్చి, ఆ మెట్ల దగ్గర నేను కొంతసేపు ఊరికే నిలబడ్డాను.

ఇంత చెప్పినవాడు ఆ ఊరికే ఓటు వేయవచ్చు కదా అంటారేమో. వేయను. ఒక సెప్టెంబరు శనివారం మేము అక్కడికి చేరేసరికి ఫుట్‌బాల్ ఆట ఉన్నది. జనాభా లక్షా ఇరవై మూడు వేల పైచిలుకు ఉన్న ఊళ్ళో 1,07,601 మంది పట్టే క్రీడాంగణం నిండితే ఏమవుతుందో ఊహించండి. రెండు నెలల ముందు ఖాయం చేసుకున్న గది మాకు లేదని ఒక హోటలువారు నవ్వుతూ చెప్పగా, చీకటి పడ్డాక దాదాపు యాభై మైళ్ళు దిగువకు, ఒహాయోలోని టొలీడోకు పోయి పడుకున్నాము. మా శ్రీమతి ఆనాటి నుంచి ఆ ఊరి పేరు ఎత్తనివ్వదు. మేడిసన్‌లోనూ డెబ్బై అయిదు వేల మందికి పైగా పట్టే క్రీడాంగణం ఉన్నది గనుక, ఏ ఊరు ఎంచుకున్నా ఆటల తేదీలు ముందు చూడండని కార్యదర్శిగారికి నా మనవి.

మేడిసన్ దగ్గర, 150 మైళ్ళ లోపే. రైలు లేదు, వ్యాను మాట్లాడుకోవలసిందే. మెండోటా, మొనోనా అనే రెండు సరస్సుల నడుమ సన్నని నేలపట్టీ మీద ఊరి నడిబొడ్డు ఉంటుంది. శాసనసభ భవనం నుంచి విశ్వవిద్యాలయం దాకా సాగే స్టేట్ స్ట్రీట్‌లో బస్సులూ సైకిళ్ళే గాని మామూలు కార్లు తిరగవు గనుక మోకాళ్ళు సహకరించినంత మేర నిశ్చింతగా నడవవచ్చు. శనివారం ఉదయం శాసనసభ చుట్టూ రైతుల సంత జరుగుతుంది. పండించినవారే అమ్మాలన్నది అక్కడి నియమం. మన రైతుబజార్ల కన్నా చాలా ముందే, 1972లోనే అది మొదలయింది.

ఆ వీధి చివర మెమోరియల్ లైబ్రరీ ఉన్నది. నేను అసలు చెప్పదలచినది దాని గురించే.

1996లో మా నాన్నగారిని అక్కడికి తీసుకువెళ్ళాను. తెలుగు సాహిత్య పండితులు వెల్చేరు నారాయణరావుగారు 1971 నుంచి అప్పటికీ తెలుగు బోధిస్తున్న చోటు కాబట్టి పుస్తకాలు ఉంటాయని తెలుసు గాని, అరల వెంట అరలుగా ఉంటాయని తెలియదు. అవి అక్కడికి చేరిన దారి కూడా విచిత్రమే. మీలో చాలామంది చిన్నప్పుడు తిన్న పి.ఎల్. 480 గోధుమలకు, అంటే అమెరికా ఆహార సాయం చట్టం కింద వచ్చిన గోధుమలకు, మన దేశం రూపాయలలో చెల్లించిన సొమ్ములో కొంత భాగంతో, 1960ల తొలినాళ్ళ నుంచి అమెరికా ప్రభుత్వం మన భాషల పుస్తకాలు కొని ఇక్కడి విశ్వవిద్యాలయాలకు పంపించింది. ఆన్ ఆర్బర్‌కూ పంపింది, అది దాచను.

నాన్నగారికి చదువు చెప్పిన తెలుగు మాష్టారు ఒక చిన్న ఖండకావ్యం రాసి, భార్య గాజులు కుదువపెట్టి బెజవాడలో అచ్చు వేయించుకున్నారు. అమ్ముడుపోని ప్రతులన్నీ ఆయన అటక మీదే ఉండేవి. 1977 నవంబరు ఉప్పెనలో ఆ ఇల్లు పోయింది. ఊళ్ళో ఒక్క ప్రతి మిగలలేదు. ఆ పుస్తకం మేడిసన్ అరలో, ఎర్రటి అట్ట కట్టించుకొని, పొడిగా నిలబడి ఉన్నది. "ఒరేయ్, మాష్టారు ఇక్కడున్నారురా" అన్నారు నాన్నగారు. చివరి పేజీలో అంటించిన తేదీల కాగితం తెల్లగా ఉన్నది. ముప్పై ఏళ్ళలో దాన్ని ఎవరూ ఇంటికి తీసుకువెళ్ళలేదు. జిరాక్సు తీయిస్తానంటే వినక, పెన్నూ కాగితాలూ అడిగి తీసుకొని, తలుపులు మూసే వేళ దాకా పద్యాలు ఎత్తి రాసుకున్నారు. సరస్సు చూడలేదు, సంతకు వెళ్ళలేదు. తిరుగుదారిలో కారు ఆపించి మరీ, ఒక యతి దగ్గర మాష్టారు తప్పిన సంగతి నాకు విడమరచి చెప్పారు.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. అయ్యా, ఒక్క నిమిషం. మీ ఊరి కవి, మీ తాతగారు, మీ అమ్మమ్మగారి పాటల పుస్తకం అక్కడ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. పేరూ, అచ్చయిన ఏడాదీ కాగితం మీద రాసి నాకు ఇవ్వండి, ముందే వెతికి ఉంచుతాను. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు లైబ్రరీకి కేటాయించమని కోరుతున్నాను. సంత ఎలాగూ శనివారమే. వ్యానులో పన్నెండు సీట్లే ఉన్నాయి. నాతో లైబ్రరీకి వచ్చేవారు ఇప్పుడే చేతులెత్తండి, వెనుక వరుసవారు కూడా.