చిలకా నీళ్లు, మన వలలు: ఈ వారం ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. బరంపురం నుంచి మన తెలుగు ఫోన్-ఇన్ కార్యక్రమం. ఈ రోజు మన ఒడిశా తీరంలోని చిలకా సరస్సు గురించి, గాడి తప్పుతున్న వానల గురించి మాట్లాడుకుందాం. జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మాస్టారు మనతో ఉన్నారు. ముప్పై ఏళ్లుగా రంభ, బాలుగావ్ రేవుల్లో చేపల బుట్టలు చూస్తూ తిరిగినవారు. మొదటి ఫోను.

శ్రోత (ఛత్రపూర్, విద్యార్థిని): నమస్కారమండీ. చిలకాలో ఉన్నవి ఉప్పు నీళ్లా, మంచి నీళ్లా? వాతావరణం మారితే దానికేమవుతుంది?

మాస్టారు: రెండూనమ్మా. ఉత్తరం వైపు నుంచి మహానది పాయలు దయా, భార్గవి మంచినీళ్లు తెస్తాయి. సముద్రపు పోటు మొగ గుండా, అంటే సరస్సు సముద్రంలో కలిసే చోటు గుండా, ఉప్పునీళ్లు తెస్తుంది. ఏ నెలలో ఎంత ఉప్పు, ఎంత తీపి అన్న లెక్క మీదే చేపలు గుడ్లు పెడతాయి, నాచు పెరుగుతుంది, చలికాలంలో పక్షులు దిగుతాయి. వేసవిలో 900 చదరపు కిలోమీటర్ల చుట్టుపక్కల ఉండే సరస్సు వానాకాలంలో 1,100 దాటుతుంది. ఇప్పుడు వాన నెలంతా పడకుండా నాలుగు రోజుల్లో కుమ్మరించి పోతోంది. ఒక్కసారిగా వచ్చిన వరద మట్టిని తెచ్చి పోస్తుంది, నీళ్లు ఉప్పు తగ్గి తియ్యగా మారతాయి, గుర్రపుడెక్క కమ్ముకుంటుంది. ఆ తరవాత ఎండ. నీళ్లు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. చేప పైకి వచ్చి నోరు తెరుస్తుంది.

శ్రోత: ఇంకొక ప్రశ్న అండీ, ఆ గుర్రపుడెక్క…

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా, చాలామంది ఎదురుచూస్తున్నారు. తరవాతి ఫోను రంభ దగ్గరి పల్లె నుంచి.

శ్రోత (పెద్దాయన): బాబూ, నమస్కారం. వినపడుతోందా? మాది చేపలు పట్టే నోళియా కుటుంబం. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాం. బయట ఒడియా, ఇంట్లో తెలుగే. చిన్నప్పుడు మా నాన్నతో పాలూరు కాలువ దాకా పడవలో వెళ్లేవాణ్ణి. ఆయన దోసిలితో నీళ్లు తీసి నాలుకకు తగిలించుకునేవాడు. ఈ రోజు కొయ్యంగ చేప పడుతుంది అనో, రొయ్యకు వెళ్దాం అనో చెప్పేవాడు. చెప్పినట్టే పడేది. నాకూ ఆ విద్య నేర్పాడు. నలభై ఏళ్లు దాంతోనే బతికాను. ఇప్పుడు నీళ్లు నోట్లో పోసుకుంటే ఏమీ చెప్పలేకపోతున్నాను. భాద్రపదంలో ఉండాల్సిన రుచి కార్తీకంలో ఉంటోంది.

మాస్టారు: చెప్పండి పెద్దాయనా, వింటున్నాను.

శ్రోత: 2013లో ఫైలిన్ తుఫాను వచ్చిన రాత్రి ఉంది చూశారా, దసరా రోజుల్లో. మమ్మల్ని అందరినీ ముందే తుఫాను ఆశ్రయానికి తరలించారు. ప్రాణాలు దక్కాయి. తెల్లవారి వచ్చి చూస్తే నా పడవ మర్రిచెట్టు వేళ్లలో నిలువుగా దిగబడి ఉంది. పలకల సందుల్లో నాచు. దాన్ని బాగు చేయించుకునేందుకు షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్నాను. అదింకా…

వ్యాఖ్యాత: పెద్దాయనా, మీ ప్రశ్న ఏమిటి?

శ్రోత: అదే చెబుతున్నాను బాబూ. మా అబ్బాయి సూరత్‌లో మగ్గం మిల్లులో పనిచేస్తాడు. ఎనభై వేలు పంపాడు. సరస్సు ఒడ్డున ఘేరీ, అదే కంచె వేసి రొయ్యలు పెంచే చెరువు, కట్టమంటున్నాడు. మా వాళ్లు కొందరు కట్టారు. ఆ డబ్బు దేనికి పెట్టమంటారు?

మాస్టారు: ఘేరీకి వద్దు. చిలకా నుంచి 1,000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు కూడదని సుప్రీంకోర్టు 1996లోనే తీర్పు చెప్పింది. ఈ రోజు కట్టినదాన్ని రేపు పొక్లెయిన్ తెచ్చి పడగొడతారు. పడగొట్టకపోయినా తెల్లమచ్చ వ్యాధి వస్తే వారం రోజుల్లో చెరువు ఖాళీ. అదీ రాకపోతే తుఫాను. ఇవన్నీ పక్కన పెట్టినా, మీరు కంచె వేసిన చోటు చేప పిల్లలు పెరిగే లోతులేని నీళ్లు. మీ నాన్న రుచి చూసిన నీళ్లు పారే దారి అది. మీ చేత్తో దాన్ని మూయకండి.

శ్రోత: మరి వల కొంటే? అందరూ బాగా సన్న కన్నున్న జీరో వల కొంటున్నారు. సన్నదైతే ఏదో ఒకటి పడుతుంది కదా.

మాస్టారు: అయ్యో పెద్దాయనా, ఆ మాట మాత్రం అనకండి! వల కన్ను చూసుకోండి. మీ చూపుడు వేలు దూరని కన్నున్న వల ఇంట్లో పెట్టుకోకండి. పోయిన ఏడాది రంభ రేవులో ఒక గంప చూశాను. పైన నాలుగు రొయ్యలు. చేత్తో కలిపితే కింద అంతా కొయ్యంగ పిల్లలే, అన్నం మెతుకుల్లా. ఒక్కొక్కటికీ కళ్లు మాత్రం నల్లగా కనపడుతున్నాయి. ఏం చేస్తారు వీటిని అని అడిగితే, ఎండబెట్టి కోళ్ల మేతకు అమ్ముతామన్నారు. ఆ గంపలోవి పెరిగితే ఒక పల్లె ఏడాది తినవచ్చు. తుఫానుల్ని నేనూ మీరూ ఆపలేం. సముద్రం పైకి వస్తుంటే అడ్డంగా నిలబడలేం. వల కన్ను మన చేతిలో ఉంది. కాలం మారిందని అన్నీ కాలం మీదకు నెట్టకండి.

శ్రోత: ఇదిగో, మా ఇంటావిడ మాట్లాడతానంటోంది.

శ్రోత భార్య: నమస్కారమయ్యా. డబ్బు నా పెట్టెలో ఉంది. ఘేరీ వద్దు, సన్న వల వద్దు అన్నారు. మరి దేనికి పెట్టమంటారో చెప్పండి.

మాస్టారు: మంచిదమ్మా, సూటిగా అడిగారు. షావుకారు అడ్వాన్సు ఎంత మిగిలింది?

శ్రోత భార్య: ముప్పై ఐదు వేలు అంటాడు.

మాస్టారు: ముందు అది తీర్చండి. ఆ అప్పు ఉన్నంతకాలం చేప అతనికే అమ్మాలి, అతను చెప్పిన ధరకే, అతని కాటా మీదే. అవునా? అందుకే మీకు పది కిలోలు పట్టినా చాలదు. చాలదు కాబట్టే సన్న వల. అప్పు తీరితే తక్కువ పట్టినా ఎక్కువ మిగులుతుంది. మిగిలిన దాంట్లో పడవకు తారు పూయించండి, పెద్ద కన్ను వల ఒకటి, ఐస్ పెట్టె ఒకటి కొనండి. పది పదిహేను వేలు ముట్టుకోకుండా ఉంచండి, వచ్చే తుఫానుకు. గుడ్డు పీత పడితే నీళ్లలో వదిలేయండి.

శ్రోత భార్య: పీతకే కదయ్యా ధర ఎక్కువ.

మాస్టారు: తెలుసమ్మా. అయినా వదలండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. తరవాతి ఫోను బరంపురం నుంచి.

శ్రోత (బరంపురం): మాస్టారు, సాతపడాలో డాల్ఫిన్లు చూడటానికి పిల్లల్ని తీసుకెళ్తున్నాం. దగ్గరగా కనపడాలంటే ఏ వేళ వెళ్లాలి?

మాస్టారు: పొద్దున్నే వెళ్లండి. దగ్గరగా చూపించమని మాత్రం పడవవాణ్ణి తొందర పెట్టకండి. డబ్బు ఎక్కువ ఇస్తామనకండి. చిలకాలో ఆ ఇరావడీ డాల్ఫిన్లు ఉన్నదే నూట యాభై చుట్టుపక్కల. ఇంజను తరుముతుంటే తల్లీపిల్లా విడిపోతాయి. పడవ ఆపించి, కూర్చోండి. వస్తే వస్తాయి.

శ్రోత: రాకపోతే…

మాస్టారు: రాకపోతే పిల్లలకు పక్షుల్ని చూపించండి.

వ్యాఖ్యాత: తరవాతి శ్రోత ఖల్లికోట నుంచి. చెప్పండి.

శ్రోత (రైతు): మా పొలంలోకి ఉప్పు నీళ్లు ఎక్కుతున్నాయండీ. వరి తెల్లబడి పోతోంది.

మాస్టారు: కటక్‌లోని జాతీయ వరి పరిశోధన సంస్థ ఉప్పును తట్టుకునే రకాలు ఇచ్చింది. లుణ సువర్ణ, లుణ సంపద. ఒడియాలో లుణ అంటే ఉప్పే కదా. మీ బ్లాకు వ్యవసాయ అధికారిని ఆ పేర్లతోనే అడగండి. మొదటి ఏడాది పొలమంతా వేయకండి, ఒక మడిలో… హలో?

వ్యాఖ్యాత: లైను తెగిపోయినట్టుంది. బాలుగావ్ నుంచి ఇంకొకరు.

శ్రోత (బాలుగావ్): మొగ తవ్వితే అన్నీ బాగుపడతాయంటున్నారు. మళ్లీ తవ్వవచ్చు కదా?

మాస్టారు: 2000 సెప్టెంబరులో తవ్వారు. ఇసుకతో పూడి, దూరం జరిగిన పాత మొగ బదులు కొత్తది తెరిచారు. సముద్రానికి దారి 18 కిలోమీటర్లు తగ్గింది. రెండు వేల టన్నుల లోపుకు పడిపోయిన చేపలు రెండేళ్లలో పది వేల టన్నులు దాటాయి. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకు ఎక్కిన చిలకా 2002లో దాని నుంచి బయటపడింది. అంత మంచి పని అది, నా కళ్లతో చూశాను. కానీ బాబూ, తెరిచిన తలుపులోంచి వచ్చిన చేపపిల్లను జీరో వలతో ఊడ్చేస్తే ఎన్ని మొగలు తవ్వి ఏం లాభం? వల కన్ను చూసుకోండి.

శ్రోత: ఈ మాట ఇందాక చెప్పారు మాస్టారు.

మాస్టారు: మళ్లీ చెబుతాను.

వ్యాఖ్యాత: సమయం రెండు నిమిషాలే ఉంది. రంభ పెద్దాయన మళ్లీ లైన్లోకి వచ్చారు.

శ్రోత (పెద్దాయన): బాబూ, మా ఇంటావిడ అడగమంది. షావుకారు లెక్కకు కాగితం ఏమీ లేదు. ముప్పై ఐదు అంటాడు, నా లెక్కకు ఇరవై ఎనిమిదే. తీర్చాక ఇంకా ఉందంటే?

మాస్టారు: ఒంటరిగా వెళ్లకండి. మీ మత్స్యకారుల సహకార సంఘం కార్యదర్శిని, ఊళ్లో ఇంకొక పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి. లెక్క వాళ్ల ముందే తేల్చుకోండి. డబ్బు ఇచ్చే ముందే, బాకీ పూర్తిగా తీరిందని రాయించి సంతకం తీసుకోండి. ఆ తరవాతే ఇవ్వండి.

శ్రోత: నాకు చదువు రాదు బాబూ.

మాస్టారు: సరే, శనివారం పొద్దున ఆరింటికి నేను రంభ రేవులో ఉంటాను. నేనే రాసిపెడతాను. మీ దగ్గరున్న వలలు కూడా పట్టుకురండి, కన్ను కొలుద్దాం.

శ్రోత: అన్నీ తీసుకురమ్మంటారా?

మాస్టారు: అన్నీ.

వ్యాఖ్యాత: మాస్టారికి, శ్రోతలకు ధన్యవాదాలు. వచ్చే వారం ఇదే సమయానికి కలుద్దాం.