పిల్లిగద్దలు పడుకునే నేల

అందరికీ నమస్కారం.

వలస వచ్చే వేటపక్షులను చూడడమంటే మెడలెత్తి ఆకాశంలోకి చూడడమే అనుకుంటాం. కొన్నిచోట్ల అది నిజమే. జార్జియా దేశంలో నల్లసముద్రానికీ కొండలకూ నడుమ బతూమి అనే ఊరుంది. ఏటా శరత్కాలంలో ఆ ఇరుకుదారి మీదుగా పది లక్షలకు పైగా గద్దలు, డేగలు దక్షిణానికి సాగిపోతాయి. బరువైన గద్దలు అదే పనిగా రెక్కలాడిస్తూ దూరాలు పోలేవు. ఎండకు కాగిన నేల నుంచి లేచే వేడిగాలి మీద సుడులు తిరుగుతూ పైకెక్కి, అక్కడి నుంచి జారుతూ వెళ్తాయి. సముద్రం మీద ఆ గాలి అంతగా లేవదు. అందుకే నేలను పట్టుకుని అన్నీ ఒకే దారిన పడతాయి.

మన దగ్గరికి వచ్చే పిల్లిగద్దల (ఇంగ్లీషులో హారియర్లు) తీరు వేరు. రెక్కలు చాపితే మీటరు దాటుతుంది, తూచితే మాత్రం చిన్నరకాల్లో మగది పావుకిలో, ఇంకాస్త. అంత తేలికైన ఒళ్లు కాబట్టి రెక్కలాడిస్తూనే ఎంత దూరమైనా పోగలదు. కజకిస్తాన్, రష్యా గడ్డిమైదానాల నుంచి ఇరుకుదారుల పట్టింపు లేకుండా దేశమంతా పరుచుకుని దిగుతాయి. పగటిపూట ఏ శనగ చేలోనో ఒకటి కనిపిస్తే గొప్ప. అన్నిటినీ ఒక్కచోట చూడాలంటే సాయంత్రం వాటి పడక దగ్గరికి వెళ్లాలి. ఆ పడక చెట్టు మీద ఉండదు, నేల మీద, గడ్డిలో ఉంటుంది.

నంద్యాల జిల్లాలో నందికొట్కూరు దాటి వెళ్తే రోళ్లపాడు వస్తుంది. గడ్డినేలల్లో బతికే పెద్ద పక్షి బట్టమేక (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన గడ్డినేల అది. డిసెంబరులో ఒక సాయంత్రం గట్టు పక్కన కూర్చున్నాను. ఐదు దాటాక ఒక మగపక్షి వచ్చింది. బూడిదరంగు ఒళ్లు, రెక్క మీద నల్లని గీత. మోకాలెత్తు గడ్డిని పొట్టతో తాకుతుందేమో అన్నంత కిందుగా, పిల్లిలా చప్పుడు లేకుండా సాగింది. పిల్లిగద్ద అని ఎందుకన్నారో అప్పుడు తెలిసింది. దాని మొహం గుడ్లగూబ మొహంలా గుండ్రంగా ఉంటుంది. గడ్డిలో ఎలుక కదిలే చప్పుడును పట్టి చెవికి చేర్చేది ఆ గుండ్రని ఈకల వలయమే. తరువాత గోధుమరంగు ఆడపక్షులు వచ్చాయి, తోక మొదట్లో తెల్లని పట్టీతో. ముందు దున్నిన చేలో గడ్డల మధ్య దిగి, అటూ ఇటూ చూస్తూ కూర్చున్నాయి. వెలుగు తగ్గాక ఒక్కొక్కటే లేచి గడ్డిలోకి జారిపోయాయి. అంతే, మైదానం మళ్లీ ఖాళీగా కనిపించింది. అక్కడ అన్ని పక్షులు పడుకుని ఉన్నాయంటే దారిన పోయేవారు నమ్మరు.

పొద్దున అవి వేటకు పోయాక చూస్తే పడక దగ్గర బొటనవేలంత ఉండలు దొరుకుతాయి. అరగనిదాన్ని అవి నోటితో కక్కేస్తాయి. ఒక ఉండను కాగితం మీద విప్పి చూశాను. నిండా మిడతల కాళ్లు, దవడలు, మధ్యలో నాలుగు ఎలుక వెంట్రుకలు. రైతు మందు కొట్టి చంపాలనుకున్న పురుగునే ఈ పక్షి వేల మైళ్లు వచ్చి తింటోంది. ఆ మందు మిడతలను లేకుండా చేస్తుంది, మిగిలిన వాటి ద్వారా పక్షి ఒంట్లోకీ చేరుతుంది.

1980లలో రోళ్లపాడులో పిల్లిగద్దలు వందల్లో దిగేవి. ఇప్పుడు అందులో కొద్ది భాగమే వస్తున్నాయి. బట్టమేక పక్షి అయితే కనిపించడమే మానేసింది. నాకు బాధ కలిగించేది ఒక్క మాట: బంజరు. గడ్డినేలను కాగితాల మీద అలా రాసుకున్నాం. బంజరు కదా అని దున్నుతాం, లేదంటే మంచిపని అనుకుని చెట్లు నాటుతాం. చెట్లు నాటిన చోట పిల్లిగద్ద పడుకోదు. అడవిని కాపాడినంత శ్రద్ధగా గడ్డిని గడ్డిగానే ఉంచాలని నేను గట్టిగా నమ్ముతాను.

మీలో రోళ్లపాడు వచ్చేవారికి రెండు మాటలు. నాలుగున్నరకల్లా చేరుకోండి, సూర్యుడు వీపు వైపు ఉండేలా కూర్చోండి. మట్టిరంగు బట్టలు, ఒక దుర్భిణి, ఒక నోటుపుస్తకం చాలు. ఇద్దరిద్దరుగా దిక్కులు పంచుకుని లెక్కపెట్టండి, ఒకే పక్షి రెండుసార్లు పడదు. గడ్డిలోకి మాత్రం అడుగుపెట్టకండి. చీకటిపడ్డాక లేపిన పక్షికి మళ్లీ చోటు వెతుక్కోవడం కష్టం. మార్చి దాటితే అవి తిరిగి వెళ్లిపోతాయి, కాబట్టి సంక్రాంతి లోపే ఒక రోజు అనుకుందాం.