ఎనిమిది సవర్లు, ఎనిమిదేళ్లు

శ్రోతలకు నమస్కారం.

మా అక్క కూతురికి విడాకులు మంజూరైన రోజున చిత్తూరు కోర్టు నుంచి తిరుపతికి అక్క, బావ, అమ్మాయి, నేను ఒకే కారులో తిరిగి వస్తున్నాము. ఊరు దాటి, కాణిపాకం దారి చీలే చోటికి రాగానే మా అక్క కారు ఆపమంది. "వాణ్ణి ఇక్కడికి రప్పించండి. కోనేట్లో మునిగి, తడి గుడ్డలతో స్వామి ముందర నిలబడి, ఆ ఎనిమిది సవర్ల బంగారు నగలు నేను తీసుకోలేదని చెప్పమనండి" అంది. పొలం గట్టు తగాదా మొదలుకొని నాయకుల సవాళ్ల దాకా ప్రతి వివాదమూ చివరికి కాణిపాకం ప్రమాణం దగ్గరికే చేరే మన ప్రాంతంలో ఆ మాటకు ఉన్న బరువు మీకు తెలియనిది కాదు. మా బావ డ్రైవరుతో "నువ్వు పోనీ నాయనా" అన్నారు. అమ్మాయి మాత్రం చంద్రగిరి వచ్చేదాకా నోరు విప్పలేదు. కోపం ఎవరిదో, దాన్ని మోస్తున్నది ఎవరో నాకు ఆ ప్రయాణంలోనే మొదటిసారి సందేహం కలిగింది.

1955 నాటి హిందూ వివాహ చట్టంలోకి పరస్పర అంగీకారంతో విడిపోయే పద్ధతి 1976 సవరణతో వచ్చింది. ఏడాదైనా వేరుగా ఉన్న దంపతులు కలిసి అర్జీ పెట్టుకోవాలి. ఆ తరువాత ఆరు నెలలు ఆగి, మళ్లీ కోర్టు ముందుకు వచ్చి తమ మాట మీద నిలబడాలి. తగిన సందర్భాల్లో ఈ గడువును మినహాయించే అధికారం కోర్టుకు ఉందని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మాకు ఆ మినహాయింపు అడగాలన్న ఆలోచన రాలేదు. తొందరపాటు చల్లారాలని చట్టం ఇచ్చిన ఆ ఆరు నెలలనూ మా ఇంట్లో మేము పొయ్యి ఎగదోయడానికే వాడుకున్నాము. పరామర్శకు వచ్చిన ప్రతివారికీ కథ మొదటి నుంచి చెప్పాలి. చెప్పినప్పుడల్లా పాత అవమానానికి కొత్త వివరం ఒకటి తోడయ్యేది. ఒకరు తాగిన కాఫీ గ్లాసులు కడిగేలోపల మరొకరు గడప తొక్కేవారు. నేను కూడా నా వంతు నెయ్యి పోశానని ఒప్పుకోవాలి.

అన్నీ బయటికి చెప్పేస్తే మనసు తేలిక పడుతుందని మనం అనుకుంటాము. దుఃఖం విషయంలో అది కొంత నిజం కావచ్చు గాని, కోపానికి అది అన్నివేళలా వర్తించదు. కోపం వచ్చినప్పుడు గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి; జరిగినదాన్ని అదే ఆవేశంతో తిరిగి తలుచుకుంటే శరీరం అది ఇప్పుడే జరుగుతున్నట్టుగా మళ్లీ సిద్ధమవుతుంది. అరవడం, వస్తువులను కొట్టడం వంటివి కోపాన్ని తగ్గించవని, నెమ్మదిగా ఊపిరి తీయడం, కండరాలను సడలించడం వంటి శరీరాన్ని శాంతపరిచే పనులే తగ్గిస్తాయని పరిశోధనల్లో తేలింది. మా అమ్మాయికి ఈ సంగతి అలిపిరి మెట్ల మీద తెలిసింది. ఒకరోజు తెల్లవారుజామున, ఎవరికో సమాధానం చెబుతున్నట్టు, మూడువేల అయిదువందల పైచిలుకు మెట్లను ఎక్కడా ఆగకుండా ఎక్కేసింది. గాలిగోపురం దగ్గర కూడా కూర్చోలేదట. కొండ దిగి వచ్చాక, "కోపం అట్లే ఉంది పిన్నీ, పిక్కలు మాత్రం పట్టేసినాయి" అని చాలా రోజుల తరువాత నవ్వింది.

ఆ రాత్రి నేను ఆమె ముందు ఒక తెల్ల కాగితం పెట్టాను. నీ కోపంలో లెక్క ఉన్నదేదో, లెక్కకు అందనిదేదో రాయమన్నాను. లెక్క ఉన్న వైపున ఎనిమిది సవర్ల నగలు, వాటి రసీదులు, పెళ్లి ఫోటోలు వచ్చాయి. పుట్టింటివారు ఆడపిల్లకు పెట్టిన నగలు స్త్రీధనమని, అవి పూర్తిగా ఆమె సొత్తే గాని, మెట్టినింట్లో ఉన్నంత మాత్రాన ఉమ్మడి ఆస్తి కావని 1985లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి అది వకీలు చేతికి ఇవ్వవలసిన కోపం. అడగకుండా ఊరుకొమ్మని చెప్పే శాంతవచనాలంటే నాకు గౌరవం లేదు. రెండోవైపున ఆమె ఒక్కటే రాసింది: ఎనిమిదేళ్లు. దానికి రసీదు లేదు, తిరిగి ఇప్పించే కోర్టు లేదు. కాణిపాకంలో ఎవరు మునిగినా ఆ సంవత్సరాలు తేలవు. ఆ రెండో కోపాన్ని మొదటి దానితో కలిపి వకీలు దగ్గరికి మోసుకుపోయినందువల్లనే ప్రతి వాయిదా ఆమెకు ఓటమిలా తోచింది.

తరువాత జరిగినవి చిన్న పనులు. రాత్రి తొమ్మిది దాటాక అతని సందేశాలకు జవాబివ్వడం మానేసింది. ఇచ్చే జవాబులో పిల్లవాడి బడి, మందులు, రాకపోకల వేళలు తప్ప మరో మాట ఉండేది కాదు. నిద్ర పట్టని ఒక రాత్రి 14416కు ఫోను చేసింది. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అనే ఉచిత సేవ అది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. మన కథ వినీ వినీ విసిగిన చుట్టం కాకుండా, ఏ పక్షమూ కాని మనిషి వినడంలో ఒక హాయి ఉందని ఆమె చెప్పింది.

అన్నిటికన్నా కష్టమైనది మా అక్కతో వచ్చింది. మనవడికి ఏడేళ్లు. ఆదివారాలు వాళ్ల నాయన దగ్గర గడిపి సాయంత్రానికి వస్తాడు. వచ్చిన ప్రతిసారీ, అక్కడ ఏమీ తినలేదని, ఆడుకోలేదని, ఏమీ బాగాలేదని చెప్పేవాడు. ఆ మాట విని మా అక్క తృప్తిగా అన్నం కలిపి పెట్టేది. వాడి చొక్కా మీద చేపల పులుసు మరక చూసిన రోజున మా అమ్మాయి వంటింట్లోకి వెళ్లి తల్లి చేతిలోని గరిటె తీసుకుని పక్కన పెట్టింది. "అమ్మా, వాడు మన కోసం అబద్ధం నేర్చుకుంటా ఉండాడు. నా మొగుడు నాకు కాకుండా పోయినాడు గాని, వాడికి నాయన పోలేదు" అంది. మా అక్క, ఇంత చేసిన నన్నే అంటావా అని ఏడ్చింది. రెండు రోజులు తల్లీకూతుళ్లకు మాటలు లేవు. ఆ ఇంట్లో అంతకుముందు వినిపించిన అరుపులన్నిటికంటే ఆ రెండు రోజుల మౌనమే ఎక్కువ మేలు చేసినట్టు నాకు అనిపించింది.

నగల వ్యవహారం ఇంకా తేలలేదు. వకీలు నోటీసుకు సమాధానం రావలసి ఉంది. మా అక్క కోపమూ పోలేదు, అల్లుడి పేరు ఇప్పటికీ పలకదు. మొన్న ఆదివారం సాయంత్రం పిల్లవాడు చెప్పులు విప్పుతూ, "అవ్వా, ఈరోజు చేపలు తిన్నాను" అన్నాడు. మా అక్క కాసేపు చేతిలోని చాటలో బియ్యం ఏరుతూ ఉండిపోయింది. తరువాత తలెత్తకుండానే అడిగింది: "ముళ్లు తీసి పెట్టినాడా?"