గూగుల్ షీట్స్‌లో బార్ గ్రాఫ్: ఐదు నదులను పక్కపక్కన నిలబెడదాం

[తెర: ఖాళీ షీటు. కర్సర్ ఏ1 గడిలో మెరుస్తోంది.]

నమస్కారం. బడిలో గళ్ల కాగితం మీద స్కేలు పెట్టి గీసిన కమ్మీ చిత్రం గుర్తుందా? ఇవాళ దాన్నే గూగుల్ షీట్స్‌లో గీద్దాం. గీయడానికి అర నిమిషం చాలు. గీసింది అబద్ధం చెప్పకుండా చూసుకోవడమే అసలు పని, అందుకే ఎక్కువ సమయం దానికి ఇస్తాను.

బ్రౌజర్‌లో అడ్రసు రాసే చోట ‘షీట్స్ డాట్ న్యూ’ అని కొట్టండి. గూగుల్ ఖాతా ఉంటే కొత్త షీటు తెరుచుకుంటుంది.

[తెర: గడులు ఒక్కొక్కటే నిండుతాయి.]

ఏ1లో ‘నది’, బీ1లో ‘పొడవు (కి.మీ.)’ అని రాద్దాం. కింద వరుసగా గోదావరి 1465, పెన్నా 597, వంశధార 254, కృష్ణా 1400, నాగావళి 256. క్రమం కావాలనే చెదరగొట్టాను, కారణం తర్వాత తెలుస్తుంది.

[తెర: బీ2 గడి దగ్గరగా. 1465 పక్కన ‘కి.మీ.’ చేరగానే అంకె ఎడమ వైపుకు జరుగుతుంది.]

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. చాలామంది 1465 పక్కనే ‘కి.మీ.’ అని కూడా రాసేస్తారు. చూశారా, గడిలో కుడి అంచున ఉన్న అంకె ఎడమ అంచుకు వెళ్లిపోయింది. అంటే షీట్స్ దృష్టిలో అది ఇక అంకె కాదు, మాట. మాటకు పొడవు ఉండదు కాబట్టి గ్రాఫ్‌లో గోదావరి చోటు ఖాళీగా మిగులుతుంది. కొలత పేరు పైన శీర్షికలో ఉంటే చాలు, గడిలో అంకె ఒక్కటే ఉండాలి. గ్రాఫ్ రావడం లేదని ఎవరైనా అడిగితే నేను మొదట చూసేది ఇదే.

[తెర: ఏ1 నుంచి బీ6 వరకు ఎంపిక. ఇన్సర్ట్ మెనూ, అందులో చార్ట్.]

ఏ1 నుంచి బీ6 దాకా మౌస్‌తో లాగి ఎంచుకోండి. పైన ఇన్సర్ట్, అందులో చార్ట్. కుడి వైపున చార్ట్ ఎడిటర్ తెరుచుకుంటుంది. షీట్స్ తనకు తోచిన బొమ్మ ఏదో వేస్తుంది, ఒక్కోసారి గుండ్రటి పై చార్ట్ కూడా వస్తుంది. కంగారు పడకండి. సెటప్‌లో చార్ట్ టైప్ నొక్కి మనకు కావలసింది ఎంచుకుందాం. నిలువు కమ్మీలు కావాలంటే కాలమ్ చార్ట్, అడ్డ కమ్మీలు కావాలంటే బార్ చార్ట్. పేర్లు పొడుగ్గా ఉంటే అడ్డ కమ్మీలే మేలు. లేకపోతే కింద పేర్లు ఏటవాలుగా పడి, చదవడానికి మెడ వంచాల్సి వస్తుంది. మన నదులవి చిన్న పేర్లే కాబట్టి నిలువు కమ్మీలు వేద్దాం.

అసలు కమ్మీలే ఎందుకు, గీత ఎందుకు కాదు? స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్లేఫేర్ 1786లో అచ్చు వేసిన గ్రాఫులలో చాలావరకు ఏళ్ల తరబడి సాగే గీతలే. స్కాట్లండ్ ఎగుమతులు, దిగుమతులకు మాత్రం ఆయనకు ఒక్క ఏడాది లెక్కలే దొరికాయి. ఒక్క ఏడాదితో గీత ఎలా సాగుతుంది? అందుకని ఒక్కో దేశానికీ కమ్మీలు గీశాడు. కాలంతో పాటు మారేదానికి గీత, విడివిడిగా ఉన్నవాటిని పోల్చడానికి కమ్మీ. గోదావరి నుంచి పెన్నాకు గీత కలిపితే దానికి అర్థమే లేదు.

[తెర: కస్టమైజ్ విభాగం. వర్టికల్ యాక్సిస్.]

ఇప్పుడు అసలు సంగతి. పక్కనే గోదావరి, కృష్ణా రెండే ఉన్న ఇంకో గ్రాఫ్ వేశాను. కస్టమైజ్‌లో వర్టికల్ యాక్సిస్ తెరిచి, మిన్ అన్న చోట 1350 అని కొడుతున్నాను. చూడండి.

[తెర: కృష్ణా కమ్మీ కుంచించుకుపోతుంది. రెండు సెకన్ల మౌనం.]

గోదావరి కమ్మీ కృష్ణా కమ్మీకి రెండింతలు దాటింది! నిజానికి తేడా 65 కిలోమీటర్లు, అయిదు శాతం కూడా లేదు. అంకెలు ఒక్కటీ మారలేదు, అడుగు భాగం కోసేశామంతే. కమ్మీ చిత్రంలో కన్ను కొలిచేది పొడవునే, పక్కన ఉన్న అంకెలను చదివేది ఆ తర్వాతే. కాబట్టి కమ్మీలు సున్నా నుంచే మొదలు కావాలి, ఇందులో నాకు మినహాయింపులు లేవు. విలువలు దగ్గర దగ్గరగా ఉంటే షీట్స్ తనంతట తానే సున్నాను వదిలేయవచ్చు. అందుకే మిన్ దగ్గర 0 అని మనమే రాసేద్దాం. ఎన్నికల కాలంలో టీవీలో కనిపించే గ్రాఫులలో ఆ కింది అంకె ఎంతో ఒకసారి గమనించండి, భలే సరదాగా ఉంటుంది.

[తెర: మళ్లీ ఐదు నదుల గ్రాఫ్.]

ఇక క్రమం. కమ్మీలు ఎత్తుపల్లాలుగా ఉంటే పోల్చడం కష్టం. ఏ2 నుంచి బీ6 దాకా ఎంచుకుని, డేటా మెనూలో సార్ట్ రేంజ్, అందులో అడ్వాన్స్‌డ్ ఎంపికలకు వెళ్లి, బీ కాలమ్‌ను జెడ్ నుంచి ఏ అని పెట్టండి. పెద్దది ముందు వస్తుంది, గ్రాఫ్ కూడా తనే సర్దుకుంటుంది.

చివర నిలిచిన నాగావళి, వంశధారలను చూడండి. రెండు కిలోమీటర్ల తేడా కంటికి ఆనదు. కస్టమైజ్‌లో సిరీస్ తెరిచి డేటా లేబుల్స్‌కు టిక్కు పెడితే ప్రతి కమ్మీ మీదా అంకె కనిపిస్తుంది. రంగులు మీ ఇష్టం, ఒకటే రంగు చాలని నా అభిప్రాయం.

శీర్షిక మాత్రం శ్రద్ధగా రాయండి. ‘నదుల పొడవు’ అంటే సరిపోదు. గోదావరి మహారాష్ట్రలో, నాగావళి ఒడిశాలో పుడతాయి. మనం తీసుకున్నది తెలుగు నేల మీది పొడవు కాదు, మొత్తం పొడవు. అందుకని ‘పుట్టిన చోటు నుంచి సముద్రం దాకా నదుల పొడవు’ అని రాద్దాం.

[తెర: ఏడో వరుసలో ‘తుంగభద్ర, 531’.]

చివరిగా ఒక నదిని చేర్చుదాం. తుంగభద్ర, 531. గ్రాఫ్‌లో కనిపించకపోతే, సెటప్‌లో డేటా రేంజ్ బీ6 దగ్గరే ఆగి ఉంటుంది, దాన్ని బీ7 చేయండి. మళ్లీ సార్ట్ చేస్తే పెన్నా పక్కకు చేరుతుంది. అయితే తుంగభద్ర సముద్రం దాకా పోదు, కృష్ణలో కలుస్తుంది. కాబట్టి శీర్షికలో ‘సముద్రం’ తీసేసి ‘సంగమం లేదా సముద్రం దాకా’ అని మార్చి, చార్ట్ మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కి, డౌన్‌లోడ్‌లో పీఎన్‌జీ బొమ్మగా దించుకోండి.