మీ ఆఫీసులో ఆ అధికారి పేరేమిటి?

అందరికీ నమస్కారమండీ. ఆదివారం సాయంత్రం, ఊరంతా బీచ్‌కి పోయే వేళ, ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి ఇంతమంది వచ్చారు. ఫ్యాన్లు అందరికీ తగలవు, కాస్త సర్దుకోండి. మన విశాఖలో ట్రాన్స్‌జెండర్లకి ఉద్యోగాల్లో జరిగే అన్యాయం గురించి, దాని మీద మన ప్రజాప్రతినిధుల్ని ఏం అడగాలో మాట్లాడుకోవడానికే ఈ మీటింగు.

నేను లాయర్ని కాను. ఇరవై ఆరేళ్లు ఈ ఊళ్లోనే ఒక కంపెనీ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాను. వచ్చిన దరఖాస్తులు విడదీయడం, సర్టిఫికెట్లు సరిచూడడం, ఇంటర్వ్యూ లెటర్లు పంపడం నా పని. ఒకసారి ఫిట్టర్ పోస్టుకి ఒక దరఖాస్తు వచ్చింది. ఐటీఐలో మంచి మార్కులు. టెన్త్ సర్టిఫికెట్లో అబ్బాయి పేరు, దరఖాస్తు మీద అమ్మాయి పేరు, అంటించిన ఫొటోలో చీర. మా పై ఆయన్ని అడిగితే "పక్కన పెట్టమ్మా, ఎందుకొచ్చిన గొడవ" అన్నారు. పెట్టేశాను. తిరస్కరిస్తే ఫైల్లో కారణం రాయాలి. పక్కన పెడితే ఏమీ రాయక్కర్లేదు.

చాలా ఏళ్ల తరవాత మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆటోలో ఉండగా ఒకామె చప్పట్లు కొట్టి చెయ్యి చాపింది. ఆ ఫిట్టరే ఈమేమో అనిపించింది. అయ్యుండకపోవచ్చు. కానీ పది రూపాయలు ఇవ్వడానికి నా చెయ్యి లేవలేదు. ఏ ముఖం పెట్టుకుని ఇవ్వను?

ఇది నా ఒక్కదాని కథ అయితే మిమ్మల్ని ఇక్కడికి పిలిచేదాన్ని కాదు. 2017 అక్టోబర్లో మన విశాఖలోనే, ఐఎన్ఎస్ ఏకశిల అనే నేవీ కేంద్రంలో పనిచేస్తున్న ఒక నావికురాలిని నేవీ ఉద్యోగం నుంచి తీసేసింది. మగవాడిగా చేరి, తరవాత ఆపరేషన్ చేయించుకోవడమే కారణం. పని చేతకాదని ఎవరూ అనలేదు. నిబంధనల్లో 'ఇక సేవలు అవసరం లేదు' అనే ఒక మాట ఉంది, దాన్ని వాడారు. అంటే, ఆ పక్కన పెట్టడమే, కాస్త అధికార భాషలో.

అప్పటికే సుప్రీంకోర్టు తీర్పు వచ్చి మూడేళ్లు దాటింది. 2014 ఏప్రిల్ 15న నల్సా, అంటే జాతీయ న్యాయ సేవల సంస్థ వేసిన కేసులో జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీ స్పష్టంగా చెప్పారు: తాను ఎవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే, చదువుల్లో, ప్రభుత్వోద్యోగాల్లో వెనకబడిన తరగతులకిచ్చినట్టు రిజర్వేషన్లు ఇవ్వండి అని. తరవాత 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం చేసింది, 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో తొమ్మిదో సెక్షన్, నియామకంలో గానీ ప్రమోషన్లో గానీ ఏ సంస్థా వివక్ష చూపకూడదంటుంది. పదకొండో సెక్షన్, ప్రతి సంస్థా ఒక ఫిర్యాదుల అధికారిని పెట్టాలంటుంది. 2020 రూల్స్ ఇంకా వివరంగా ఉన్నాయి. ఫిర్యాదు అందిన పదిహేను రోజుల్లో విచారణ అవ్వాలి. ఎవరైనా వాడుకునే టాయిలెట్ల దగ్గర్నుంచి రాకపోకల భద్రత దాకా రాతపూర్వకమైన పాలసీ ఉండాలి.

చదివితే బాగానే ఉంటుంది. ఇప్పుడు మీరు ఇంటికెళ్లాక, మీ ఆఫీసులో ఆ ఫిర్యాదుల అధికారి ఎవరో కనుక్కోండి. స్టీల్ ప్లాంటైనా, పోర్టైనా, దువ్వాడ సెజ్‌లో యూనిటైనా, మీ అమ్మాయి పనిచేసే రుషికొండ ఐటీ కంపెనీ అయినా సరే. పేరు చెప్పగలిగితే నాకు ఫోన్ చెయ్యండి, కాఫీ ఇప్పిస్తాను.

చట్టంలో ఒక కంత ఉంది, అది తెలియకపోతే మనం వెళ్లి వట్టి మాటలు మాట్లాడి వస్తాం. పద్దెనిమిదో సెక్షన్లో ఆర్నెల్ల నుంచి రెండేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. వేటికి? వెట్టిచాకిరీ చేయించినా, ఇంట్లోంచి గెంటేసినా, బహిరంగ స్థలాల్లోకి రానివ్వకపోయినా, కొట్టినా తిట్టినా. ఉద్యోగం ఇవ్వకపోతే? ఆ జాబితాలో ఆ మాట లేదు. రిజర్వేషన్ల ఊసు అసలే లేదు. 2025 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు మళ్లీ ఇదే విషయం మీద ప్రభుత్వాలని గట్టిగా మందలించింది. ఉత్తరప్రదేశ్‌లో ఒక స్కూలు, గుజరాత్‌లో ఇంకో స్కూలు ఒకే ట్రాన్స్ టీచరమ్మని పనిలో ఉండనివ్వని కేసది. సమాన అవకాశాల విధానం ముసాయిదా రాయమని, ఢిల్లీ హైకోర్టు మాజీ జడ్జి ఆశా మీనన్ గారి అధ్యక్షతన కమిటీ వేసింది.

కోర్టులు చూసుకుంటాయిలే అనకండి. ఈ చట్టం రూపం మారిందే జనం అడగడం వల్ల. తిరుచ్చి శివ అనే ఒక్క డీఎంకే ఎంపీ ట్రాన్స్‌జెండర్ల హక్కుల కోసం పెట్టిన ప్రైవేటు మెంబర్ బిల్లుని, అంటే ప్రభుత్వం కాకుండా ఒక ఎంపీ సొంతంగా పెట్టే బిల్లుని, 2015లో రాజ్యసభ ఆమోదించింది. అలాంటి బిల్లు అక్కడ గట్టెక్కడం 36 ఏళ్ల తరవాత అదే. 2018 డిసెంబరులో లోక్‌సభ ఆమోదించిన ప్రభుత్వ బిల్లులో, నువ్వు ట్రాన్స్‌జెండర్ అవునో కాదో తేల్చే జిల్లా స్క్రీనింగ్ కమిటీ ఉండేది, అడుక్కోవడం మీద ఒక శిక్షా ఉండేది. ట్రాన్స్ సమాజం ఢిల్లీ నుంచి హైదరాబాద్ దాకా రోడ్డెక్కింది, ఎంపీల గుమ్మాలు తొక్కింది. 2019 బిల్లులో ఆ రెండూ లేవు.

మా అనుభవం చెప్తాను. పోయిన ఏడాది మేం పదకొండు మందిమి ఒక ప్రజాప్రతినిధి గారి క్యాంపు ఆఫీసుకి వెళ్లాం. పొద్దున్న ఏడున్నరకి వెళ్తే పదిన్నరకి పిలిచారు. మధ్యలో రెండు పెళ్లి శుభలేఖలు, ఒక రోడ్డు గొడవ, ఒక ట్రాన్స్‌ఫర్ సిఫార్సు. మాది విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "మొత్తం ఎన్ని ఓట్లుంటాయమ్మా వాళ్లవి?" నాకు కోపం వచ్చింది, కానీ మాతో వచ్చిన ఒక ట్రాన్స్ అమ్మాయి నవ్వుతూ, "నాదొకటి సార్. ఈ పదిమందివీ మీకే. వాళ్ల ఇళ్లల్లోవి లెక్కేసుకోండి" అంది. ఆయనా నవ్వారు. కుర్చీలు తెప్పించారు.

రెండో మాట, మీకూ ఎదురవుతుంది: "పింఛన్ ఇస్తున్నాం కదా." నిజమే. 2018 ప్రాంతంలో నెలకి 1,500తో మొదలైంది, ఇప్పుడు 4,000. అది మంచిదే, కాదనొద్దు. కానీ ఇరవై మూడేళ్ల పిల్ల, డిగ్రీ చదివింది, ఆమెని తీసుకెళ్లి ముసలివాళ్ల వరసలో నిలబెడితే ఎలా అని అడగండి.

ఊరికే హక్కులు ఇవ్వండి అంటే తలూపి పంపించేస్తారు. ఎమ్మెల్యే చేతిలో ఉన్న పని అడగాలి. అసెంబ్లీలో ఒక ప్రశ్న వెయ్యమనండి: ఈ జిల్లాలో ఎన్ని సంస్థలు ఫిర్యాదుల అధికారిని నియమించాయి? ప్రశ్న పడితే మంత్రి జవాబివ్వాలి, మంత్రి జవాబివ్వాలంటే కింద ఎవరో లెక్క తియ్యాలి. ఆ లెక్క కోసం ఫోన్లు మొదలైన రోజున కొన్ని కంపెనీలు హడావిడిగా ఎవరో ఒకరి పేరు రాస్తాయి. రాయనివ్వండి. రెండోది రిజర్వేషన్. కర్ణాటక 2021లో ప్రభుత్వోద్యోగాల్లో 1 శాతం ఇచ్చింది, అదీ ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ ప్రతి కోటాలోనూ. ఎవరి కులం వాటా వాళ్లకే ఉంటుంది, కొత్తగా ఎవరి నోటిదీ లాక్కోనక్కర్లేదు. మనకెందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పమనండి.

మూడోది హాస్టల్. ఇది చిన్నదనుకుంటాం. 2017లో కొచ్చి మెట్రో 23 మంది ట్రాన్స్‌జెండర్లకి ఉద్యోగాలిచ్చి పేరు తెచ్చుకుంది. కొద్దిరోజులకే ఎనిమిది మంది మానేశారు. పని నచ్చక కాదు, అద్దెకి గది ఎవరూ ఇవ్వలేదు. లాడ్జికి రోజూ కట్టే డబ్బు జీతాన్ని మించిపోయింది. గాజువాకలో ఒంటరి మగపిల్లలకే ఇల్లు ఇవ్వడానికి మనం వంద ప్రశ్నలు వేస్తాం, తెలియందేముంది. మీ మేడ మీద ఖాళీ గది ఉంటే ఎమ్మెల్యే దాకా కూడా పోనక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. వాళ్ల తరఫున మనం మాట్లాడేసి రావద్దు. వాళ్లలో ఒకరిద్దరు ముందు కూర్చోవాలి, మనం వెనక. ఎవరి పాత పేరూ బయటికి అనొద్దు. ఆఫీసులో ఇంకా చెప్పుకోని వాళ్లని ఫొటోల్లోకి లాగొద్దు, పేపర్లో పడితే ఉన్న ఉద్యోగం పోతుంది.

విన్నపం కాగితాలు వెనక బల్ల మీద ఉన్నాయి. ఒక పేజీయే, రెండోది రాస్తే ఎవరూ చదవరు. నియోజకవర్గం పేరు ఖాళీగా వదిలాం, మీది మీరే నింపుకోండి. రేపు సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు, పదింటికి అక్కడ కలుద్దాం. పెందుర్తి నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే వెళ్లేముందు నాతో మాట్లాడండి. అక్కడి నుంచి మాకింకా ఒక్కరూ లేరు.