ఇష్టమున్నా లేకున్నా: పాత ఇంగ్లీషు మాటల కథ

నమస్కారమండీ. మొన్నామధ్య మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. డిగ్రీలో ఇంగ్లీషు లిటరేచర్ చదువుతోంది. "బాబాయ్, విల్లీ నిల్లీ అంటే ఏంటి? మా మేడమ్ 'ఇష్టమున్నా లేకున్నా' అంటున్నారు, నేనేమో 'పద్ధతీ పాడూ లేకుండా' అనుకుంటున్నా, ఎవరు కరెక్ట్?" అని అడిగింది. ఇద్దరూ కరెక్టే అన్నాను, కానీ మేడమ్ చెప్పింది పాతది, అసలుది.

ఇప్పుడు విల్ అంటే మనకి రేపటి సంగతి చెప్పే మాట. ఒకప్పుడు అలా కాదు, దానికి 'కోరుకోవడం' అనే అర్థమే ముందు. దాని ముందు 'నె' అనే చిన్న ముక్క తగిలించి కలిపేస్తే 'నిల్' అయింది, అంటే 'ఇష్టపడను' అని. వద్దనుకోవడానికి వాళ్లకి విడిగా ఒక క్రియే ఉండేదన్నమాట. మనకీ ఉండేది లెండి, 'ఒల్లను' అని. సుమతీ శతకంలో 'ఒల్లని సతి' చిన్నప్పుడు బట్టీ పట్టినవాళ్లకి గుర్తుంటుంది. ఆ విల్, ఈ నిల్ పక్కపక్కన పెట్టి 'విల్ హీ, నిల్ హీ' అనేవారు, వాడికి ఇష్టమైనా కాకపోయినా అని, అదే నోళ్లలో నలిగి నలిగి విల్లీ నిల్లీ అయింది. మనవాళ్లయితే ఒక్క ముక్కలో 'చచ్చినట్టు వస్తాడు' అంటారు.

చావు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, ఈ మాట షేక్‌స్పియర్ హామ్లెట్‌లో గోతులు తవ్వేవాడి నోట వస్తుంది. నీళ్లలో మునిగి చనిపోయిన ఒఫీలియా అనే అమ్మాయికి గొయ్యి తవ్వుతూ, అది ఆత్మహత్యా కాదా అని తోటివాడికి లా పాయింట్ చెప్తుంటాడు: ఇదిగో నీళ్లు, ఇదిగో మనిషి, మనిషే నీళ్ల దగ్గరికి వెళ్లి మునిగాడనుకో, విల్ హీ నిల్ హీ, వెళ్లింది వాడే, అదే నీళ్లే వచ్చి ముంచాయనుకో, వాడు తన ప్రాణం తీసుకున్నట్టు కాదు! జనం నవ్వేవారు. నవ్వుల వెనక నిజం కేసు ఒకటుంది అంటారు పండితులు. సర్ జేమ్స్ హేల్స్ అని ఒక జడ్జి 1554లో నదిలో పడి చనిపోయాడు. ఆయనది ఆత్మహత్యే అని తేల్చారు, అప్పట్లో అది నేరం, ఆస్తి రాణీగారి ఖజానాకి పోతుంది. ఆయన భార్య కోర్టుకెక్కింది, మొగుడి పేరా తన పేరా కలిపి ఉన్న కౌలు భూమి కోసం. నేరం ఆయన బతికుండగా జరిగిందా, చనిపోయాక పూర్తయిందా అని వాదించారట! ఆ వాదనలో ఒక పనిని ఆలోచన, నిశ్చయం, అమలు అని మూడు ముక్కలు చేశారు, అందుకే కాబోలు నాటకంలో ఆ గోతులవాడు కూడా పనికి మూడు కొమ్మలంటాడు, 'చెయ్యడం, చెయ్యడం, చెయ్యడం' అన్నట్టు ఒకే అర్థమున్న మూడు మాటలు వరసగా చెప్పి. పాపం, కేసు ఆవిడ ఓడిపోయింది.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైన మాట 'ఫెయిన్' (fain). మొదట్లో సంతోషంగా, మనస్ఫూర్తిగా అని అర్థం. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఇల్లు వదిలిపోయి చితికిపోయిన కొడుకు కథ ఉంది కదా, వాడు పందులు తినే పొట్టుతోనైనా కడుపు నింపుకోవాలనుకుంటాడు, అక్కడ వాడింది ఈ మాటే. తెలుగు బైబిల్లో 'ఆశపడెను' అని ఉంటుంది. బాగా కుదిరింది. కానీ చూడండి, పందుల పొట్టు మీద ఎవడికైనా నిజంగా ఆశ ఉంటుందా? ఆకలికి ఇంకో దారి లేదు, అదే పదివేలు అనుకున్నాడు. ఫెయిన్ అనే మాటకి జరిగిందీ అదే. ఉన్నదానితో సంతోషించాడు అనే దగ్గర మొదలై, వేరే గతి లేక ఒప్పుకున్నాడు అనేదాకా జారిపోయింది. సంతోషం చెప్పే మాట బలవంతం చెప్పే మాట అయిపోయింది, పైకి మాత్రం అదే ముఖం.

'లీఫ్' అని ఇంకోటి, ఆకు కాదండోయ్, స్పెల్లింగ్ వేరు (lief). ప్రియమైన అని అసలర్థం, లవ్‌కి చుట్టమే. హామ్లెట్ నాటకాలవాళ్లతో అంటాడు, నా డైలాగుల్ని అలా గొంతు చించుకుని చెప్పేటట్టయితే, చాటింపు వేసేవాడి చేత చెప్పించుకోవడమే నాకు లీఫ్ అని. అంటే ఆ చాటింపు వాడి మీద ప్రేమేం లేదు, మీకంటే వాడే నయం అని! 'పర్‌ఫోర్స్' గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఫ్రెంచి నుంచి వచ్చింది, బలవంతాన అని అర్థం, ఎక్కడా మెలిక లేదు. 'లిస్ట్' మాత్రం బాగుంటుంది, ఇష్టపడటం అని. 'గాలి తన కిష్టమైన చోటను విసరును' అనే బైబిల్ వాక్యంలో ఇంగ్లీషున ఆ మాటే ఉంది. మాట పోయింది కానీ 'లిస్ట్‌లెస్' మిగిలింది, దేని మీదా మనసు లేకుండా నీరసంగా కూర్చున్నవాణ్ణి అలా అంటారు.

ఇక ఒకచోట ఆ పాత విల్ ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. సినిమాల్లో చర్చి పెళ్లి అనగానే 'ఐ డూ' అనిపిస్తారు కదా. ఇంగ్లండ్ చర్చివాళ్ల 1662 నాటి ప్రార్థనల పుస్తకంలో మాత్రం, ఈమెను భార్యగా స్వీకరిస్తావా అని అడిగితే పెళ్లికొడుకు చెప్పేది 'ఐ విల్'. తర్వాతెప్పుడో చేసుకుంటాను అని కాదు, నాకిష్టమే అని.

ఇదంతా చెప్పాక మా పిల్ల, "మనకీ ఇలాంటి తికమక ఉందా బాబాయ్?" అంది. ఎందుకు లేదమ్మా, 'కావాలి' చూడు. నాకు కాఫీ కావాలి అంటే కోరిక. ఆఫీసులో సంతకం కావాలి అంటే అవసరం. కప్పు పగలగొట్టిన పిల్లాణ్ణి "కావాలనే చేశావా?" అని అడుగుతాం. 'నేను వెళ్లాలి' అంటే తప్పదు అని, దానికి 'ని' తగిలించి 'వెళ్లాలని ఉంది' అంటే మనసు లాగుతోంది అని. ఆ మాట విని కాసేపు ఆగి, "సరే బాబాయ్, నాకు ఇంటర్నల్ ఎగ్జామ్ ఉంది, వెళ్లాలి" అంది. ఏ అర్థంలో అందో అడగలేదు నేను.